‘క్యాడ్’ అంటే ‘నీచుడు’ అని రాస్తే సరిపోతుందా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. 1890ల నాటి ఒక ఇంగ్లీషు కథను తెలుగు చేస్తున్నారు. నిశ్చితార్థం అయ్యాక మనసు మార్చుకుని తప్పుకున్న యువకుడిని అమ్మాయి అన్నగారు నిలదీసి, ‘సర్, మీరొక క్యాడ్’ అంటాడు. నిఘంటువులో ‘నీచుడు, తుచ్ఛుడు’ అని ఉంది కానీ, అలా రాస్తే ఆ సన్నివేశానికి అతకడం లేదు. రెండు పేజీల తరువాత క్లబ్బులో ఒక వృద్ధుడు కొత్తగా డబ్బు చేసిన వ్యాపారిని ‘బౌండర్’ అంటాడు. నిఘంటువు దానికీ అదే అర్థం ఇచ్చింది. రెండింటికీ తేడా ఏమిటి, ఇంగ్లండులో చదువుకుంటున్న మీ అబ్బాయి ఇలాంటి మాటలు ఇప్పుడు వాడవచ్చా అని అడిగారు.

నేను ముప్పై ఏళ్లుగా ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను. అందులో ఎక్కువ భాగం విక్టోరియా రాణి కాలం కథలే. ఈ ఒక్క మాట దగ్గర పూటలకు పూటలు ఆగిపోయిన రోజులున్నాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా జవాబు. ‘నీచుడు’ సరిపోదు. పెద్దమనిషిగా పెరిగి, పెద్దమనిషిగా చెలామణి అవుతూ, పెద్దమనిషి చేయకూడని పని చేసినవాడు క్యాడ్. ముఖ్యంగా తనను నమ్మినవారి విషయంలో, అందులోనూ స్త్రీల విషయంలో, మాట తప్పినవాడు. తెలుగులో దీనికి బాగా దగ్గరగా వచ్చే మాట ‘సంస్కారహీనుడు’. అయితే మీ కథలోని ఆ వాక్యంలో నేనైతే తిట్టు మాటే పెట్టను. కారణం తరువాత చెబుతాను. ఇక మీ అబ్బాయి సంగతి: ఆ మాటను చదివి అర్థం చేసుకుంటే చాలు, నిజమైన కోపంతో ఎవరినీ అనవద్దు.

ఇప్పుడు ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. అది తెలియకపోతే పాత కథల్లో పప్పులో కాలు వేసే ప్రమాదం ఉంది.

మన పిల్లలు ఎన్‌సీసీలో చేరితే వాళ్లను క్యాడెట్లు అంటాం. గోల్ఫ్ ఆటలో కర్రల సంచి మోసే మనిషిని క్యాడీ అంటారు. మీ కథలో ఉన్న తిట్టు క్యాడ్. ఈ మూడూ ఒక తల్లి పిల్లలే. లాటిన్‌లో తలకు ఉన్న మాట నుంచి ‘చిన్న తల’, అంటే ‘చిన్న నాయకుడు’ అనే అర్థంలో ఫ్రాన్సు నైరుతి భాగంలోని గాస్కనీ ప్రాంతంలో ఒక మాట పుట్టింది. అక్కడి జమీందారీ కుటుంబాల్లో ఆస్తి పెద్ద కొడుకుకు పోయేది, చిన్న కొడుకులు సైన్యంలో చేరేవారు. వాళ్లే క్యాడెట్లు. 17వ శతాబ్దంలో ఆ మాట ఇంగ్లీషులోకి వచ్చింది. స్కాట్లండు చేరేసరికి దాని హోదా పడిపోయింది. 18వ శతాబ్దపు ఎడింబరో వీధుల్లో ఉత్తరాలు చేరవేస్తూ, బరువులు మోస్తూ, కబురందితే పరుగెత్తే మనుషులను క్యాడీలు అనేవారు. గోల్ఫ్ మైదానంలో మిగిలింది వాళ్ల పేరే. (టీ పొడి దాచుకునే డబ్బాను కూడా ఇంగ్లీషులో క్యాడీ అంటారు కానీ దానికీ దీనికీ చుట్టరికం లేదు. అది మలయా భాషలోని ఒక తూకం పేరు నుంచి వచ్చింది.)

ఆ మాటే పొట్టిదై క్యాడ్ అయింది. మొదట్లో అది తిట్టు కానే కాదు, ఒక పని పేరు. లండన్‌లో 1829 జూలై 4న జార్జ్ షిల్లిబీర్ అనే ఆయన ప్యాడింగ్టన్ నుంచి బ్యాంక్ దాకా మొదటి ఆమ్నిబస్సు నడిపాడు. మూడు గుర్రాలు లాగే పెద్ద బండి అది. తరువాత ఇలాంటి బళ్లు పెరిగి, వాటి మధ్య పోటీ పెరిగింది. బండి వెనక మెట్టు మీద నిలబడి, ఊళ్ల పేర్లు అరుస్తూ, దారిన పోయేవాళ్లను దాదాపు చేయి పట్టి లోపలికి లాగే మనిషి ఒకడు ఉండేవాడు. మన ప్రైవేటు బస్సుల్లో ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ కేకలు వేసే క్లీనర్‌ను తలచుకోండి, సరిగ్గా ఆ పనే. ఆ మనిషిని క్యాడ్ అనేవారు. చార్లెస్ డికెన్స్ 1836లో పుస్తకంగా వేసిన తొలి రచనల్లో ‘చివరి గుర్రబ్బండి తోలరి, మొదటి ఆమ్నిబస్సు క్యాడ్’ అనే అర్థం వచ్చే పేరుతో ఒకటి ఉంది. అక్కడ క్యాడ్ అంటే కండక్టరే.

ఇది ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, ఒకసారి అనువాద శిక్షణ తరగతిలో నేను ఇచ్చిన 1830ల నాటి పేరా ఒకటి విద్యార్థులు తెలుగు చేశారు. అందులో వాన కురుస్తుంటుంది, బండి ఆగుతుంది, క్యాడ్ దిగి ఒక ముసలమ్మను పైకి ఎక్కిస్తాడు. పదకొండు మందిలో తొమ్మిది మంది ‘ఆ నీచుడు దిగి ముసలమ్మను ఎక్కించాడు’ అని రాశారు. ఒక అమ్మాయి మాత్రం పక్కన పెన్సిలుతో ‘నీచుడైతే ఎందుకు సాయం చేస్తాడు?’ అని ప్రశ్న రాసుకుంది. ఆ ప్రశ్న వేసుకోగలిగినవాళ్లే మంచి అనువాదకులవుతారని నా నమ్మకం. పాత పుస్తకంలో క్యాడ్ కనిపిస్తే ముందు ఆ పుస్తకం ఏ సంవత్సరానిదో చూడండి. 1830లలో అయితే కండక్టరు కావచ్చు, ఊరివాడు కావచ్చు. మీ కథ 1890లది కాబట్టి తిట్టే, అందులో సందేహం లేదు.

ఊరివాడు అన్నాను కదా, అక్కడే మలుపు ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో, ఈటన్ లాంటి బడుల్లో చదివే కలవారి పిల్లలు, తమ చుట్టూ తిరుగుతూ చిల్లర పనులు చేసిపెట్టే ఊరి మనుషులను క్యాడ్ అని పిలిచేవారు. ‘మనలో ఒకడు కాడు’ అనే తేలికభావం ఆ పిలుపులో ఉండేది. కొన్నాళ్లకు తమలోనే ఒకడు తప్పుగా ప్రవర్తిస్తే, ‘నువ్వు ఊరి క్యాడ్‌లా చేశావు’ అనడం మొదలైంది. ఇంకొన్నాళ్లకు పోలిక పోయి తిట్టు మిగిలింది. 19వ శతాబ్దం చివరికి ఊరివాడి జాడే లేదు, ఆ మాట పూర్తిగా పెద్దమనుషుల మీదికి తిరిగింది. కూలివాడిని ఎవరూ క్యాడ్ అనరు. క్యాడ్ అనిపించుకోవాలంటే ముందు పెద్దమనిషి అయి ఉండాలి.

‘స్నాబ్’ అనే మాట కూడా దాదాపు ఇదే దారిలో నడిచింది. మొదట చెప్పులు కుట్టేవాడు, తరువాత కేంబ్రిడ్జి విద్యార్థుల నోట ఊరివాడు, ఆ తరువాత హోదా కోసం పాకులాడేవాడు. ‘విలన్’ అంటే మొదట భూస్వామి పొలంలో పనిచేసే రైతు. ‘నేవ్’ అంటే కుర్రవాడు, పనివాడు. పేదవాళ్ల పేర్లన్నీ ఇలా వరసగా తిట్లయ్యాయి. బ్రిటిష్ రచయిత సి.ఎస్. లూయిస్ 1960లో ఈ తీరును గుర్తించి, హోదాను చెప్పే మాటలు గుణాన్ని చెప్పే మాటలుగా మారడం అని వివరించాడు. మనకూ ఇది కొత్త కాదు. గ్రామం నుంచి వచ్చిన ‘గ్రామ్యం’ మోటుతనమైంది, నగరం నుంచి వచ్చిన ‘నాగరికం’ మెచ్చుకోలైంది. గిడుగు రామమూర్తి పంతులు గారు వాడుక భాష కోసం పోరాడిన రోజుల్లో ఎదుటి పక్షం వారు జనం మాట్లాడే తెలుగును ‘గ్రామ్యం’ అనే ఈ ఒక్క మాటతోనే తీసిపారేసేవారు. ‘వెధవ’ సంగతి మరీ బాధాకరం. భర్తను పోగొట్టుకున్న స్త్రీని చెప్పే మాట మగవాళ్లను తిట్టే తిట్టయింది. తిట్టు పడేది ఒకరికి, అందులో అవమానం ఉండేది ఎప్పుడూ దిక్కులేనివారికి. అనువాదంలో తిట్టును ఎంచుకునేటప్పుడు నేను దీన్ని తప్పకుండా చూసుకుంటాను. ఇంగ్లీషులో పెద్దమనిషిని తిట్టడానికి వాడిన మాటకు తెలుగులో ఒక కులం పేరో, వైకల్యం పేరో, వితంతువు పేరో తెచ్చి పెట్టకూడదు. మూలంలో లేని పాపాన్ని మనం మూటగట్టుకున్నట్టవుతుంది.

ఇంతకీ ఏం చేస్తే మనిషి క్యాడ్ అవుతాడు?

దొంగతనం చేసినవాడు దొంగ, హత్య చేసినవాడు హంతకుడు. వాళ్లను క్యాడ్ అనరు. సాధారణంగా చట్టం చేయి అందని చోట చేసే తప్పుకే ఈ మాట. ఇతరుల ఉత్తరం విప్పి చదవడం, ఒక స్త్రీ తనతో చనువుగా ఉన్న సంగతి క్లబ్బులో నలుగురికీ చెప్పడం, కింద పడ్డవాడిని కొట్టడం, స్నేహితుడు నమ్మి చెప్పుకున్న మాటను బయటపెట్టడం, పేకాటలో మోసం చేయడం, పేకాటలో ఓడిన డబ్బు ఎగ్గొట్టడం.

చివరిదాన్ని కొంచెం దగ్గరగా చూడండి. 1845లో ఇంగ్లండులో జూదం మీద ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం పందెం ఒప్పందం చెల్లేది కాదు, ఓడినవాడు డబ్బివ్వకపోతే గెలిచినవాడు కోర్టుకు వెళ్లి వసూలు చేసుకోలేకపోయేవాడు. కోర్టు ఇప్పించని అప్పు కాబట్టే దాన్ని ‘పరువు అప్పు’ అన్నారు. దర్జీ బాకీని ఏళ్ల తరబడి నాన్చిన పెద్దమనుషులు కూడా పేకాట బాకీని వెంటనే తీర్చేవారు. దర్జీ దావా వేయగలడు, అతని వెనక చట్టం ఉంది. పేకాటలో గెలిచినవాడి వెనక ఉన్నది ఓడినవాడి మాట ఒక్కటే. ఆ మాట తప్పితే వేసే శిక్ష ఏమిటంటే, ఈ మూడక్షరాల తిట్టు, దానితోపాటు వచ్చే వెలి.

ఆ వెలి ఎంత గట్టిదో 1890-91లో జరిగిన ఒక సంగతి చెబుతుంది. యార్క్‌షైర్‌లోని ట్రాన్‌బీ క్రాఫ్ట్ అనే బంగళాలో, యువరాజు కూడా ఉన్న విందులో, సర్ విలియం గోర్డన్-కమ్మింగ్ అనే సైనికాధికారి బకరా అనే పేకాటలో మోసం చేశాడని తోటి అతిథులు ఆరోపించారు. ఇకమీదట పేక ముట్టనని ఆయన చేత సంతకం పెట్టించుకుని, విషయం బయటికి పొక్కనివ్వబోమని మాటిచ్చారు. పొక్కింది. ఆయన పరువు నష్టం దావా వేశాడు. తరువాత ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి అయిన ఆ యువరాజే కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. 1891 జూన్‌లో దావా ఓడిపోయింది. మరునాడే ఆయనను సైన్యం నుంచి తొలగించారు. జైలు లేదు, జరిమానా లేదు. కానీ ఆనాటి పెద్దింటి తలుపులన్నీ ఆయనకు మూసుకుపోయాయి. ఆయన నిజంగా మోసం చేశాడా లేదా అన్న వాదన ఇప్పటికీ ఉంది. మీ కథ ఆ దశాబ్దానిదే కాబట్టి, ‘సర్, మీరొక క్యాడ్’ అన్న మాట విన్న పాఠకుడి గుండెల్లో ఏం మెదిలి ఉంటుందో ఊహించండి. ఆ యువకుడు రేపటి నుంచి ఏ ఇంటికి వెళ్లినా నౌకరు వచ్చి ‘దొరగారు ఇంట్లో లేరు’ అంటాడు.

మీ కథలోది పెళ్లి మాట. ఇక్కడ చట్టానికి కొంత చేయి ఉంది. ఆ రోజుల్లో ఇంగ్లండులో పెళ్లి చేసుకుంటానని మాటిచ్చి తప్పిన మగవాడి మీద అమ్మాయి నష్టపరిహారం కోసం దావా వేయగలిగేది. ఆ హక్కు 1971 జనవరి 1 నుంచి మాత్రమే రద్దయింది. కానీ దావా వేస్తే ఉత్తరాలన్నీ కోర్టులో బిగ్గరగా చదివేవారు, మరునాడు పత్రికల్లో వచ్చేవి. పరువు గల కుటుంబాలు అందుకు జంకేవి. అప్పుడు అన్నగారికి మిగిలింది ఒక వాక్యం. అతను చేయి చేసుకోలేదు, బూతు అనలేదు, ‘సర్’ అన్నాడు, ‘మీరు’ అన్నాడు. ఆ నిగ్రహమే ఆ సన్నివేశానికి ప్రాణం.

ఇప్పుడు అనువాదానికి వస్తాను.

నేను పనిలో కొత్తగా ఉన్న రోజుల్లో ఇలాంటిదే ఒక కథ చేశాను. పదవీ విరమణ చేసిన ఒక కర్నల్ ఇంటికి అతిథి వస్తాడు. కర్నల్ మేనకోడలి ఉత్తరం అతిథి రహస్యంగా చదివాడని తెలుస్తుంది. కర్నల్ లేచి, గోడకున్న అతని టోపీ తీసి చేతికిచ్చి, తలుపు తెరిచి పట్టుకుని, ఈ మాట అంటాడు. నేను ‘ఛీ, నీచుడా! బయటికి నడు!’ అని రాశాను. ప్రెస్సులో అరవై దాటిన ఒక ప్రూఫ్ రీడర్ ఉండేవారు. ఆయన ఆ వాక్యం కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసి నన్ను పిలిచారు. ‘ఏమండీ, ఈ పెద్దాయన టోపీ తీసి చేతికిచ్చి, తలుపు కూడా తనే తీశాడు కదా. ఇంత మర్యాద చేసినవాడు నోరెందుకు పారేసుకున్నాడు?’ అన్నారు. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం, మూలం చూడలేదు. కానీ టోపీ ఇచ్చిన చేతికీ ‘నీచుడా’ అన్న నోటికీ పొసగడం లేదని పట్టేశారు. ఆ రోజు నుంచి తిట్టును అనువదించే ముందు, తిట్టేవాడి చేతులు ఏం చేస్తున్నాయో చూడడం అలవాటు చేసుకున్నాను.

‘నీచుడు’లో ఇబ్బంది రెండు రకాలు. ఒకటి, అది మన చెవికి పౌరాణిక నాటకం వేదికను గుర్తు చేస్తుంది. దుర్యోధనుడో కీచకుడో ఎదురుగా ఉండాలి. రెండు, నీచం అంటే కింద ఉన్నది. ఆ మాట మనిషి మొత్తాన్ని, పుట్టుకతో సహా, కిందికి తోసేస్తుంది. క్యాడ్ అలా కాదు. నువ్వు పైన ఉండవలసినవాడివి, నీకు నువ్వే దిగజారావు అంటుంది. అందుకే నా దృష్టిలో ఈ తిట్టు మనిషి మీద బురద చల్లదు, అతని కింద ఉన్న కుర్చీని లాగేస్తుంది.

‘నయవంచకుడు’ అన్న మాట చాలామందికి తోస్తుంది. ప్రేమ పేరుతో మోసం చేసిన సందర్భాల్లో బాగానే ఉంటుంది. అయితే నయవంచకుడికి ముందే పథకం ఉంటుంది. క్యాడ్‌కు పథకం ఉండాలని లేదు. పిరికితనం వల్ల, సుఖానికి అలవాటు పడడం వల్ల మాట తప్పినా క్యాడే. మీ కథలో ఆ యువకుడు మొదటి నుంచీ మోసం చేయాలనుకున్నాడా, లేక తండ్రి ఆస్తి పోతుందని భయపడి వెనక్కి తగ్గాడా? మొదటిదైతే నయవంచకుడు నిలుస్తుంది, రెండోదైతే నిలవదు.

‘సంస్కారహీనుడు’ ఎందుకు దగ్గర అన్నానంటే, సంస్కారం పెంపకంతో వచ్చేది. అది ఉండవలసిన చోట లేదని చెప్పడంలో నిందతోపాటు ఆశ్చర్యం కూడా ఉంటుంది. చదువుకున్నవాళ్లు కోపాన్ని అదుపులో పెట్టుకుని అనే మాట అది. ‘మీరు’తో కలిసి నిలబడగలదు. ‘మీరు నీచులు’ అంటే నాలుకకు తగులుకుంటుంది, ‘మీరింత సంస్కారహీనులని అనుకోలేదు’ అంటే సాఫీగా సాగుతుంది. కథనంలో, వర్ణనలో ఈ మాట హాయిగా వాడుకోండి.

కానీ ఆ ఒక్క వాక్యానికి నేను చేసేది వేరు. తెలుగులో మనకు ‘పెద్దమనిషి’ అనే గొప్ప మాట ఉంది. వయసు, హోదా, మాట మీద నిలబడడం మూడూ అందులో ఉన్నాయి. 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకులు రాసుకున్నదాన్ని మనం ఇప్పటికీ ‘పెద్దమనుషుల ఒప్పందం’ అంటాం. ఇచ్చిన మాటకు, ఈ మాటకు ఎంత ముడి ఉందో చెప్పడానికి అంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. కాబట్టి తిట్టడం మానేసి ఆ గౌరవాన్ని వెనక్కి తీసుకుంటే చాలు. కర్నల్ కథలో చివరికి నేను రాసింది ఇది:

‘మిమ్మల్ని పెద్దమనిషి అనుకున్నాను.’

అంతే. ఆశ్చర్యార్థకం కూడా లేదు. ప్రూఫ్ రీడర్ గారు చదివి, పెన్సిలు పక్కన పెట్టి, తరువాతి పేజీ తిప్పారు. మీ కథలో ‘సర్’ ఉంది కాబట్టి, ‘అయ్యా, మిమ్మల్ని పెద్దమనిషి అనుకున్నాను’ అనవచ్చు. ఇక్కడ ‘అయ్యా’లో వేడుకోలు ధ్వనిస్తుందని అనుమానం వస్తే తీసేయండి, ‘మిమ్మల్ని’లోనే దూరం తెలుస్తుంది. ‘నువ్వు’ మాత్రం వద్దు. అన్నగారు అంతకు ముందు పేజీల్లో అతన్ని చనువుగా ‘నువ్వు’ అని ఉంటే, ఈ వాక్యం దగ్గర ‘మీరు’కు మారనివ్వండి. నిన్నటి దాకా బావగారు కాబోయేవాడు ఈ క్షణంలో పరాయివాడయ్యాడని పాఠకుడికి ఆ ఒక్క మార్పుతో తెలిసిపోతుంది. ఇంగ్లీషుకు లేని వసతి ఇది, వాడుకోకపోతే నష్టం మనదే.

ఒక హెచ్చరిక. ఇది అన్ని చోట్లా పనికిరాదు. అదే కథలో ఇద్దరు మిత్రులు నవ్వుకుంటూ ఒకరినొకరు క్యాడ్ అనుకుంటే, ‘దుర్మార్గుడా!’ అని ప్రేమగా అనే మన అలవాటు ఉండనే ఉంది. స్త్రీ నోట వస్తే మళ్లీ వేరుగా ఆలోచించాలి, అక్కడ నిందకన్నా గాయం ఎక్కువగా పలుకుతుంది. ఇంకొకటి, ఈ మాట మగవాళ్లకే. స్త్రీని క్యాడ్ అనడం ఇంగ్లీషులో లేదు.

మీ అబ్బాయి విషయం. ఈ మాట బ్రిటన్‌లో చచ్చిపోలేదు కానీ దాని కోరలు ఊడిపోయాయి. హాలీవుడ్ నటుడు జార్జ్ శాండర్స్ 1960లో వచ్చిన ఆత్మకథకు, తాను వృత్తిరీత్యా క్యాడ్‌నని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు. తిట్టును మనిషి తనే బిరుదుగా తగిలించుకున్నాక ఇంక అందులో నొప్పి ఏముంటుంది? ఇప్పుడు పత్రికలవాళ్లు ఇద్దరు ముగ్గురు అమ్మాయిలను ఏకకాలంలో నమ్మించిన సినిమా తారల గురించి రాసేటప్పుడు వాడతారు. మిత్రులు సరదాగా అనుకుంటారు. మన ఇళ్లలో పూర్వం ‘అప్రాచ్యుడు’ అని ఒక తిట్టు ఉండేది. విడదీస్తే ‘ప్రాచ్యుడు కానివాడు’. ఒకప్పుడు కోపంగానే అని ఉంటారు. ఈ రోజు ఎవరైనా నిజంగా కోపం వచ్చి ‘ఓరి అప్రాచ్యుడా’ అంటే వినేవాళ్లకు నవ్వొస్తుంది, బామ్మ గుర్తొస్తుంది. క్యాడ్ ఇప్పుడు సరిగ్గా ఆ స్థితిలో ఉంది.

మా బంధువుల అబ్బాయి ఒకరు అక్కడ చదువుకునేటప్పుడు, అద్దె గది ఖాళీ చేశాక యజమాని అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదు. అతను పాత నవలలు బాగా చదువుతాడు. యజమానికి రాసిన ఫిర్యాదు ఉత్తరంలో ఈ మాట వాడి, పంపే ముందు నాకు చూపించాడు. తీసేయమన్నాను. చదివినవాళ్లు ఫిర్యాదును మరచిపోయి ఆ మాటనే పట్టుకుంటారు. అదీకాక, ఇంగ్లండులో మామూలు అద్దె ఒప్పందాల అడ్వాన్సును యజమాని ప్రభుత్వం ఆమోదించిన పథకంలో భద్రపరచాలని 2007 ఏప్రిల్ నుంచి చట్టం ఉంది. చట్టం ఉన్న చోట క్యాడ్‌తో పనిలేదు, తేదీలూ మొత్తమూ రాస్తే చాలు. అతను ఆ మాట తీసి, ఏ రోజు ఎంత కట్టాడో, ఏ రోజు తాళం చెవులు అప్పగించాడో రాసి పంపాడు.

ఇంకో చిన్న సంగతి. మీరు అంతర్జాలంలో ఈ మాట వెతికితే ముందు వచ్చేవన్నీ కంప్యూటర్ మీద ఇంజినీరింగ్ డ్రాయింగులు గీసే క్యాడ్ శిక్షణ ప్రకటనలే. అది కొన్ని మాటల మొదటి అక్షరాలు కలిపిన పేరు, దీనితో సంబంధం లేదు.

చివరగా బౌండర్. ఇది 19వ శతాబ్దం చివర్లో వాడుకలోకి వచ్చింది. గంతు వేయడం, హద్దు దాటడం రెండూ ఆ మాటలో వినిపిస్తాయి. క్యాడ్ లోపలివాడు, హద్దు తెలిసీ తప్పినవాడు. బౌండర్ బయటివాడు, హద్దు తెలియకుండానో లెక్కచేయకుండానో లోపలికి దూకినవాడు. అందరూ ఈ గీత ఇంత కచ్చితంగా పాటించలేదు, రెండింటినీ జంటగా వాడినవాళ్లూ ఉన్నారు. మీ కథలో మాత్రం తేడా స్పష్టంగానే ఉంది. (‘రాటర్’ కనిపిస్తే చెడిపోయినవాడు అనుకోండి. ‘బ్లాక్‌గార్డ్’ను ‘బ్లాగర్డ్’ అని పలుకుతారు. అది పూర్వం పెద్ద ఇళ్లలో గిన్నెలు మోసే వంటింటి పనివాళ్ల పేరు. క్యాడ్ కన్నా చాలా ఘాటు.)

క్లబ్బులో ఆ వృద్ధుడు వ్యాపారిని బౌండర్ అన్నప్పుడు, ఆ వ్యాపారి చేసిన తప్పేమిటో ఒకసారి చూడండి. మీరు చెప్పినదాన్ని బట్టి అతను ఎవరినీ మోసం చేయలేదు. గట్టిగా నవ్వాడు, మెరిసే కోటు వేసుకున్నాడు, పరిచయం లేకుండానే పలకరించాడు. అది నీతికి సంబంధించిన తప్పు కాదు. అందుకే ‘సంస్కారహీనుడు’ను అతని మీద వేయకండి, దాన్ని ఆ యువకుడికే ఉంచండి. వ్యాపారికి మన ‘నడమంత్రపు సిరి’ చక్కగా సరిపోతుంది. ‘నడమంత్రపు సిరి మనిషి, ఎక్కడ కూర్చోవాలో తెలియదు’ అంటే వృద్ధుడి ఈసడింపు, అతని గుండెల్లోని భయం రెండూ పలుకుతాయి. ఆ మాటను కొటేషన్ గుర్తుల మధ్య వృద్ధుడి నోటనే ఉంచండి. తరువాత ఆ వ్యాపారి గురించి మీరు కథనంలో రాసే వాక్యాల్లోకి మాత్రం దాన్ని రానివ్వకండి. మూల రచయిత అతన్ని అక్కడ పేరుతోనే పిలుస్తున్నాడని మీరే రాశారు కదా.